మన పేరు మీద తిరిగే అబద్ధాలు

(విజయవాడలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, గ్రంథాలయ కార్యవర్గానికి, ఆదివారం సాయంత్రం ఇంటి పనులు పక్కన పెట్టి వచ్చిన పెద్దలకు, వెనక వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

ఆన్‌లైన్‌లో జరిగే దుష్ప్రచారం ప్రజాస్వామ్యానికీ, మనుషుల మధ్య సఖ్యతకూ ఎలా చేటు చేస్తున్నదో చెప్పమని నన్ను అడిగారు. నా ఉద్యోగ జీవితమంతా ఒక తెలుగు దినపత్రిక డెస్కులో గడిచింది. ఏది వార్త, ఏది వదంతి అని ప్రతి రాత్రీ తేల్చుకోవలసిన పని అది. ఆ పనిలో తలపండినవాడిగా నేను ప్రధానంగా చెప్పదలచుకున్నది ఒక్కటే. అబద్ధాన్ని తయారు చేసేవాడికి మన మధ్య ఏ పరపతీ లేదు. అతను నేరుగా వచ్చి చెబితే మనం వినం. అందుకని అతను మన పరపతిని వాడుకుంటాడు. మన బాబాయి, మన మేనత్త, చిన్నప్పుడు మనకు లెక్కలు చెప్పిన మాస్టారు, మన అపార్ట్‌మెంట్ కార్యదర్శి, వీరి పేరు మీద ఆ అబద్ధం మన చేతికి వస్తుంది. అది అబద్ధమని తేలిన తర్వాత దెబ్బతినేది కూడా తయారుచేసినవాడి పేరు కాదు, వీరి మీద మనకున్న నమ్మకమే. ఓటు లెక్కను ఒప్పుకోవడానికీ, వైద్యుడి మాట వినడానికీ, పక్కింటివాడితో పండగ చేసుకోవడానికీ ఆ నమ్మకమే ఆధారం కనుక, నష్టం అక్కడి నుంచి ఎంత దూరమైనా పోతుంది.

తెలియక చేసిన పొరపాటునూ, తెలిసి చేసిన కుట్రనూ ఒకే గాట కట్టకూడదని ముందే మనవి చేస్తున్నాను. సందేశాన్ని పుట్టించినవాడికి అది అబద్ధమని తెలుసు. ముందుకు పంపినవారిలో చాలామంది మేలు చేస్తున్నామనుకునే పంపుతారు. ఈ రెండో రకం వారిని నేరస్థులుగా చూసే చట్టాలూ, వారిని వెక్కిరించే వ్యాసాలూ ఈ సమస్యను అర్థం చేసుకోలేవు.

ఈ మాట ఈ ఊళ్ళో, ఒక గ్రంథాలయంలో మాట్లాడటం నాకు సబబుగా తోస్తున్నది. 1911లో రామమోహన గ్రంథాలయం మొదలైన ఊరు ఇది. 1914 ఏప్రిల్‌లో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై సంఘంగా ఏర్పడిన ఊరు ఇది. ఆ ఉద్యమం పల్లెలకు పుస్తకం ఇవ్వడంతో ఆగలేదు. చదువురాని వారికి పత్రిక చదివి వినిపించడం కూడా తన పనే అనుకున్నది. పాతూరి నాగభూషణం గారు 1935లో కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. ఆనాడు వార్త మనిషి గొంతులోనే ప్రయాణం చేసింది. కానీ చదివేవాడు వినేవారి ఎదురుగా కూర్చునేవాడు. ఏ పత్రికలో ఉన్నది, ఏ తేదీది అని అడిగితే చూపించగలిగేవాడు. ఇప్పుడు మన చేతికి వచ్చే సందేశంలో గొంతు మన బంధువుది, మాట మాత్రం ఎవరిదో తెలియదు. తేడా అంతా అక్కడే ఉన్నది.

2018 వేసవిని మీలో చాలామంది మరిచిపోయి ఉండరు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని, పార్థీ ముఠాలు రాత్రిళ్ళు ఇళ్ళ మీద పడుతున్నాయని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సందేశాలు తిరిగాయి. వాటితో పాటు దేశమంతా తిరిగిన ఒక వీడియో ఉన్నది. మోటారు సైకిలు మీద వచ్చిన ఇద్దరు, వీధిలో ఆడుకుంటున్న పిల్లల్లో ఒకణ్ణి ఎత్తుకుని వెళ్ళిపోతారు. అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత మీద ఒక స్వచ్ఛంద సంస్థ కోసం తీసిన అవగాహన చిత్రం. అసలు చిత్రంలో ఆ మోటారు సైకిలు మళ్ళీ వెనక్కి వస్తుంది. పిల్లవాణ్ణి దింపుతారు. కరాచీ వీధుల్లో పిల్లవాణ్ణి ఎత్తుకుపోవడానికి ఒక్క క్షణం చాలని రాసి ఉన్న అట్టను కెమెరా ముందు పెడతారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించారు. ఒక్క కత్తిరింపుతో జాగ్రత్త చెప్పే చిత్రం కాస్తా నేరానికి సాక్ష్యమై కూర్చున్నది. అలాగే, 2013లో సిరియాలో విషవాయు దాడిలో చనిపోయిన పసిపిల్లల ఫొటోలను మన పిల్లలవేనని, అవయవాల కోసం చంపారని తిప్పారు.

దాని ఫలితం ఏమైందో చూడండి. ఆ మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో, బిచ్చమెత్తుకుని బతికే ట్రాన్స్‌జెండర్ల మీద గుంపు పడి ఒకరి ప్రాణం తీసింది. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో, సంచార జాతికి చెందిన అయిదుగురిని పంచాయతీ కార్యాలయం గదిలో వేసి కొట్టి చంపారు. ఈ చనిపోయినవారందరిలో ఒక పోలిక ఉన్నది. వారు ఊరికి కొత్తవారు, పేదవారు, తమ తరఫున హామీగా నిలబడి మాట్లాడే మనిషి ఆ ఊళ్ళో లేనివారు. వదంతి ఎప్పుడూ అటువంటి వారినే వెతుక్కుంటుంది. గంగిరెద్దుల వారికీ, బుడబుక్కల వారికీ, దుప్పట్లు అమ్ముకునే పొరుగు రాష్ట్రాల కుర్రవాళ్ళకూ మన వీధులు ఎంత ప్రమాదకరమైనవిగా మారగలవో ఆ వేసవి చూపించింది.

అదే సమయంలో తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో జరిగిన పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పల్లెలకు వెళ్ళి వచ్చే కానిస్టేబుళ్ళు అక్కడ ఒక మార్పు గమనించారు. ఎండాకాలంలో ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే జనం తలుపులు బిగించుకుని లోపల పడుకుంటున్నారు. ఎందుకని అడిగితే ఫోన్లు తీసి చూపించారు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు ఈ సంగతి తెలిసిన తర్వాత ఒక ప్రకటన ఇచ్చి ఊరుకోలేదు. ఊరికొక పోలీసును బాధ్యుడిగా పెట్టి, ఆ పోలీసు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ఉండేటట్లు చూశారు. జానపద కళాకారులతో డప్పు కొట్టించి, పాటలు కట్టించి వీధుల్లో చెప్పించారు. ఆమె పరిధిలో ఈ వదంతి వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు. ముఖం తెలిసిన మనిషి పేరు మీద వచ్చిన అబద్ధానికి, ముఖం తెలిసిన మనిషి నోటితోనే జవాబు చెప్పించారు కాబట్టి అది పనిచేసిందని నా అభిప్రాయం. ఢిల్లీ నుంచో, అమెరికాలోని కంపెనీ నుంచో వచ్చిన ఖండన ఆ గడప లోపలికి వెళ్ళేది కాదు.

ఇక మన కుటుంబాల గ్రూపుల సంగతి. పెద్దవారి మాటకు అందరి ముందు ఎదురు చెప్పకూడదన్నది మన పెంపకం. మామయ్య గారు పంపిన సందేశం తప్పని కోడలు అనదు, అల్లుడు అనడు. అనకపోగా, పంపింది పెద్దవారు కనుక చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెడతారు. ఆ బొమ్మను మిగతావారు సమ్మతిగా చదువుకుంటారు. ఇంత మంది ఒప్పుకున్న సంగతి కదా అని ఇంకొకరు దాన్ని ఊరి గ్రూపులో వేస్తారు. అక్కడి నుంచి కుల సంఘం గ్రూపులోకి, అక్కడి నుంచి పార్టీ గ్రూపులోకి పోతుంది. ఈ దారిలో ఎక్కడా ఎవరూ అబద్ధమాడలేదు. అందరూ మర్యాద పాటించారు. అయినా చివరికి అబద్ధానికి వంద మంది హామీ దొరికింది. బ్యాంకులో అప్పు తీసుకునేవాడికి హామీ సంతకం పెట్టమంటే మనం నాలుగు రోజులు ఆలోచిస్తాం, వాడు కట్టకపోతే మన ఆస్తి మీదికి వస్తుందని భయపడతాం. ముందుకు పంపే ప్రతి సందేశం కింద మనం పెడుతున్నది కూడా అటువంటి సంతకమే అయినా, అప్పు తీసుకున్నవాడి ముఖం మనం ఎన్నడూ చూడలేదు.

దీనికి మనసు పనిచేసే తీరు కూడా తోడవుతుంది. ఒకే మాటను పదే పదే వింటే అది నిజమనిపించడం మొదలవుతుందని మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1977లోనే ప్రయోగం చేసి చూపారు. 2018లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. 2006 నుంచి 2017 వరకు ట్విటర్‌లో సుమారు 30 లక్షల మంది పంచుకున్న 1,26,000 దాకా కథనాలను వారు పరిశీలించారు. నిజమైన కథనం 1,500 మందికి చేరడానికి అబద్ధపు కథనం కంటే దాదాపు ఆరు రెట్ల సమయం పట్టింది. అబద్ధాన్ని మళ్ళీ పంచుకునే అవకాశం 70 శాతం ఎక్కువగా ఉన్నది. ఈ తేడాకు కారణం యంత్రాలు నడిపే నకిలీ ఖాతాలు కావని, మనుషులేనని కూడా వారు తేల్చారు. నిప్పు లేనిదే పొగ రాదని మనకొక సామెత ఉన్నది. ఈ విషయంలో మాత్రం ఆ సామెతను పక్కన పెట్టవలసిందే.

నా వృత్తికి దగ్గరైన ఒక వస్తువును మీకు చూపిస్తాను. మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి ఒకసారి పత్రిక కత్తిరింపు ఒకటి వచ్చింది. పింఛన్లు తీసేస్తున్నారన్నది దాని శీర్షిక. పైన ఒక పెద్ద పత్రిక పేరు ఉన్నది. ఫోన్ తెర మీద చూస్తే అచ్చం వార్తలాగే ఉన్నది. పెద్దది చేసి చూశాను. పెద్ద తెలుగు పత్రిక సాధారణంగా తనకంటూ ఎంచుకున్న అక్షరాలనే వాడుతుంది. ఒత్తులు కింది వరసను తాకకుండా అక్షరాల ఎత్తు, వరసల మధ్య ఖాళీ లెక్కకట్టి పెట్టుకుంటుంది. ఇందులో ‘రాష్ట్ర’ అన్న చోట కింద వేలాడే ఒత్తులు కింది వరసలోని గుడులకు తగులుతున్నాయి. పత్రికలో కాలమ్ రెండు అంచులూ సమానంగా ఉంటాయి, ఇందులో కుడి అంచు ఎగుడుదిగుడుగా ఉన్నది. డేట్‌లైన్ లేదు. ఏ ఊరి నుంచి, ఏ రోజు రాసిన వార్తో తెలియదు. అధికారులు తెలిపారని ఉన్నది కానీ ఆ అధికారి పేరు గానీ, హోదా గానీ లేదు. అన్నిటికంటే ముఖ్యం, నాలుగు వైపులా అంచులు శుభ్రంగా ఉన్నాయి. నిజంగా పత్రికలోంచి కత్తిరించిన ముక్కకు చాలాసార్లు పక్క వార్త తోక ఒకటి అంటుకుని ఉంటుంది. ఆ పత్రిక ఆ రోజు సంచికల్లో వెతికితే ఆ వార్త ఎక్కడా లేదు.

ఇదంతా చూడటానికి నాకు అయిదు నిమిషాలు పట్టింది. కానీ ఈ లోపల మా కింది అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ, ఒంటరి మనిషి, ఆ పింఛను మీదే మందులు కొనుక్కునే మనిషి, కుర్చీలోంచి లేవలేకపోయింది. ఆ కత్తిరింపు తయారుచేసినవాడికి కావలసింది ఒక పార్టీకి నాలుగు ఓట్లు తగ్గడం. ఆ నాలుగు ఓట్ల కోసం ఇటువంటి పెద్దవారు ఎంత మంది ఆ రాత్రి నిద్రపోయి ఉండరో అతనికి పట్టదు. ఏ పార్టీ కోసం చేశారని నన్ను అడగకండి. అన్ని పార్టీల కోసం, అన్ని పార్టీల మీదా ఇవి తయారవుతున్నాయి.

2024 సెప్టెంబరులో ఈ నగరం అనుభవించినది మీకు నేను చెప్పనక్కరలేదు. బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచింది. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. కరెంటు లేక, ఫోన్ చార్జింగు లేక, మేడల మీద చిక్కుకున్న జనానికి ఆ రోజుల్లో నిజమైన సమాచారం మంచినీళ్ళతో సమానమైన అవసరం. నీరు తీస్తున్న సమయంలో బుడమేరు కట్ట మళ్ళీ తెగిందన్న వదంతి పుట్టింది. అప్పుడే ఇళ్ళు కడుక్కుంటున్నవారు మళ్ళీ పిల్లలను చంకనేసుకుని వీధిలోకి వచ్చారు. అది నిజం కాదని అధికారులు ప్రకటించవలసి వచ్చింది. ఇటువంటి వదంతి చేసే హాని ఆ ఒక్క పూటతో పోదు. రెండుసార్లు ఉత్తుత్తి పరుగు పెట్టినవారు మూడోసారి నిజంగా మైకులో హెచ్చరిక వినిపించినప్పుడు కదలరు. కృష్ణా ఒడ్డున బతికే ఊరికి ఇది చావుబతుకుల సంగతి.

కరోనా కాలం గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. 2020 ఫిబ్రవరిలో కోడిమాంసం తింటే వైరస్ వస్తుందన్న మాట ఒకటి తిరిగితే, కోళ్ళ రైతులు కుదేలైపోయారు. హైదరాబాద్‌లో మంత్రులు వేదికెక్కి జనం ముందు చికెన్ తిని చూపించారు. ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాలో కొందరు, ఉమ్మెత్త మందని చెప్పిన టిక్‌టాక్ వీడియో చూసి, దాన్ని తాగి ఆసుపత్రి పాలయ్యారు. వీటన్నిటికంటే లోతుగా దిగబడినది మాత్రం, ఢిల్లీలో తబ్లిగీ జమాత్ అనే ముస్లిం మత సంస్థ జరిపిన సమావేశాన్ని పట్టుకుని ఒక మతం వారంతా కావాలని రోగం అంటిస్తున్నారన్న ప్రచారం. ఎక్కడెక్కడివో పాత వీడియోలు ఇందుకు వాడారు. కొన్ని టీవీ చానళ్ళు రోజుల తరబడి దానికి గొంతు కలిపాయి. అనేక రాష్ట్రాల్లో ముస్లిం కూరగాయల వ్యాపారుల తోపుడు బళ్ళను వీధుల్లోకి రానివ్వలేదు. ఆ సమావేశానికి వచ్చిన విదేశీయుల మీద పెట్టిన కేసులను బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 2020 ఆగస్టు 21న కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని అభిప్రాయపడింది. ఆ తీర్పు ఎన్ని కుటుంబ గ్రూపుల్లోకి వెళ్ళింది? ఆ వీడియోలు పంపినవారిలో ఎంత మంది ఆ తీర్పును కూడా పంపారు?

2012 ఆగస్టు కూడా గుర్తు చేయాలి. స్మార్ట్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాని రోజులవి. ఈశాన్య రాష్ట్రాల వారి మీద దాడులు జరుగుతాయని ఎస్ఎంఎస్‌లు తిరిగితే, బెంగళూరులో హోటళ్ళలో, కాపలా పనుల్లో ఉన్న వేలాది మంది మూటాముల్లె సర్దుకుని గువాహటి రైళ్ళెక్కారు. ఆ దారి మన విజయవాడ మీదుగానే. అప్పుడు ప్రభుత్వం పదిహేను రోజుల పాటు మూకుమ్మడి ఎస్ఎంఎస్‌లకు హద్దు పెట్టింది, మొదట ఆ హద్దు అయిదు సందేశాలు. ఆరేళ్ళ తర్వాత వాట్సాప్ కూడా మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్‌లకు మించి పంపకుండా హద్దు పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి, ఇప్పటికే చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క మనిషికో, ఒక్క గ్రూపుకో మాత్రమే పంపగలుగుతున్నాం. ఈ హద్దులు మంచివే. అయితే అవి అబద్ధాన్ని ఆపవు, నిదానం చేస్తాయి.

రాజ్యాంగ సభలో అంబేద్కర్ 1949 నవంబర్ 25న చేసిన ప్రసంగంలో స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అన్న మూడింటినీ ఒకదాని నుంచి ఒకటి విడదీస్తే ప్రజాస్వామ్య లక్ష్యమే దెబ్బతింటుందని హెచ్చరించారు. మన స్వరాజ్ మైదానంలో ఆయన విగ్రహాన్ని 125 అడుగుల ఎత్తున నిలబెట్టుకున్నాం. ఆ మూడింటిలో మూడోదాన్ని ఏ చట్టమూ పుట్టించలేదు, ఏ పోలీసూ కాపాడలేడు. అది పొరుగువాడి మీద మనకుండే కనీసపు నమ్మకం. 2022 మే 24న, కోనసీమ జిల్లాకు ఆయన పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో మంత్రి ఇంటికీ, ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టారు. గుంపును కూడగట్టడానికి వాట్సాప్ గ్రూపులను వాడారని పోలీసులు చెప్పారు. ఆ తర్వాత జిల్లాలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఏ పాపమూ ఎరుగని చిన్న దుకాణదారులూ, ఇంటి నుంచి పనిచేసుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులూ అవస్థ పడ్డారు. తరతరాలుగా ఒకే కాలువ నీళ్ళు వాడుకునే ఊళ్ళలో ఆ తర్వాత మాటలు ఎంత ముభావంగా మారాయో అటువైపు బంధుత్వాలున్న వారికి తెలుసు.

ఇప్పుడు ఎన్నికల సంగతి. 2024 మే 13న మన రాష్ట్రంలో 81.86 శాతం ఓటింగు నమోదైంది. కొన్ని కేంద్రాల్లో అర్ధరాత్రి దాటే వరకు వరసలో నిలబడి ఓటు వేశారు. ఓటు మీద ఇంత మమకారం ఉన్న జనం గర్వించదగిన జనం. కానీ ఓట్ల యంత్రాల విషయంలో మన రాష్ట్ర నాయకత్వం ఎలా ప్రవర్తించిందో చూడండి. 2019లో ఓడినవారు యంత్రాలను అనుమానించారు. 2024లో ఓడినవారు కూడా యంత్రాలనే అనుమానించారు. రెండుసార్లూ గెలిచినవారికి యంత్రాల్లో ఏ లోపమూ కనిపించలేదు. అనుమానించడం పౌరుడి హక్కే. ఆ హక్కు వల్లనే ప్రతి అసెంబ్లీ సెగ్మెంటులో అయిదు కేంద్రాల వీవీప్యాట్ చీటీలను, అంటే ఓటు ఎవరికి పడిందో చూపే కాగితాలను, లెక్కించి సరిచూడాలని 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. నేను బాధపడేది ప్రశ్న గురించి కాదు. జవాబు వచ్చిన తర్వాత కూడా, ఆ జవాబుతో నిమిత్తం లేకుండా, అదే అనుమానాన్ని కత్తిరించిన వీడియోలతో ఏళ్ళ తరబడి తిప్పడం గురించి. ఓడినవాడు లెక్కను ఒప్పుకుని ఇంటికి వెళ్ళడం మీదే ప్రజాస్వామ్యం ఆధారపడి ఉన్నది. పల్నాడులో పోలింగు నాడూ, ఆ తర్వాతా జరిగిన హింసను చూసినవారికి, ఆ ఒప్పుదల కరువైతే ఏమవుతుందో ఎవరూ వివరించనక్కరలేదు.

ఈ దశలో అబద్ధం కంటే పెద్ద ప్రమాదం ఒకటి వస్తుంది. కృత్రిమ మేధతో ఎవరి గొంతునైనా, ఎవరి ముఖాన్నైనా తయారు చేయవచ్చని అందరికీ తెలిశాక, నిజంగా తప్పు చేసినవాడు కూడా వీడియో బయటపడగానే అది మార్ఫింగ్ అని చేతులు దులుపుకోగలుగుతాడు. రాబర్ట్ చెస్నీ, డానియెల్ సిట్రాన్ అనే ఇద్దరు అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యులు ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించి రాశారు. అన్నీ నమ్మే జనాన్ని మోసగించవచ్చు. ఏదీ నమ్మని జనాన్ని మోసగించే పని కూడా లేదు, వారికి నిజం చూపినా కదలరు. అందరూ దొంగలే, అన్నీ అబద్ధాలే అన్న మాట మన టీ బళ్ళ దగ్గర ఎంత తేలికగా వినిపిస్తున్నదో చూస్తే నాకు దిగులుగా ఉంటుంది. అది తెలివైనవాడి మాటలా వినిపిస్తుంది కానీ, నిజానికి అధికారంలో ఉన్నవాడికి అంతకంటే సౌకర్యమైన మాట లేదు.

స్లొవేకియాలో 2023 సెప్టెంబరులో పోలింగుకు రెండు రోజుల ముందు, ప్రచారం ఆగిపోయిన సమయంలో, ఒక ప్రతిపక్ష నాయకుడు ఓట్ల కొనుగోలు గురించి మాట్లాడుతున్నట్టు నకిలీ ఆడియో వదిలారు. ఫలితం దాని వల్లనే మారిందని ఎవరూ రుజువు చేయలేదు. అయితే జవాబు చెప్పుకునే వ్యవధి లేని సమయాన్ని ఎంచుకున్నారన్నది గమనించాలి. రుమేనియాలో 2024 నవంబర్ 24న జరిగిన అధ్యక్ష ఎన్నికల తొలి విడతను, టిక్‌టాక్‌లో జరిగిన అక్రమ ప్రచారం వంటి కారణాలతో డిసెంబర్ 6న రాజ్యాంగ న్యాయస్థానం రద్దు చేసింది. దుష్ప్రచారం వల్ల లక్షలాది ఓట్లు చెల్లకుండా పోవడం ఎంత ప్రమాదమో, న్యాయస్థానం మాటతో లక్షలాది ఓట్లు చెల్లకుండా పోవడం కూడా అంత ప్రమాదమే. అక్కడి దాకా రానివ్వకూడదు.

ఇదంతా ఎవరు చేస్తున్నారంటే, మనం ఊహించుకున్నట్టు ఎక్కడో చీకటి గదిలో విదేశీ గూఢచారులు మాత్రమే కాదు. నటి రష్మిక మందన్న ముఖాన్ని మరొకరి శరీరానికి అతికించిన వీడియో 2023 నవంబరులో దేశాన్ని కుదిపింది కదా, ఆ కేసులో 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసింది మన గుంటూరు జిల్లాలోని ఒక చదువుకున్న యువకుణ్ణి. ఆమె అభిమానుల పేజీకి ఫాలోయర్లను పెంచుకోవడానికి చేశాడని పోలీసులు చెప్పారు. 2016లో అమెరికా ఎన్నికల సమయంలో ఉత్తర మాసిడోనియాలోని వెలెస్ అనే చిన్న పట్టణంలో కుర్రవాళ్ళు ప్రకటనల ఆదాయం కోసమే అబద్ధపు వార్తల సైట్లు నడిపారు. ఫేస్‌బుక్ 2017లో కోపం గుర్తుతో సహా ముఖాల బొమ్మలకు మామూలు లైకు కంటే అయిదు రెట్ల విలువ కట్టిందని, తర్వాత 2020లో కోపం గుర్తు విలువను సున్నా చేసిందని ఆ సంస్థ లోపలి పత్రాల ద్వారా 2021లో బయటికి వచ్చింది. అంటే మూడేళ్ళ పాటు, మనకు కోపం తెప్పించిన ప్రతి పోస్టునూ ఆ యంత్రం మరింత మందికి చూపించిందన్న మాట. మన కోపం మీద ఎవరో డబ్బు సంపాదించారు.

మరి చట్టం ఏం చేయాలి? ఇక్కడ నా అభిప్రాయం చాలామంది మిత్రులకు నచ్చదు, అయినా చెబుతాను. ఏది నిజమో తేల్చే అధికారం ప్రభుత్వం చేతికి ఇవ్వకూడదు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన రాతలు పెట్టినవారిని అరెస్టు చేయడానికి వాడిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. కేంద్ర ప్రభుత్వం తన గురించి వచ్చే వార్తల్లో ఏది అబద్ధమో తానే తేల్చే విభాగం కోసం 2023లో నిబంధనలు సవరిస్తే, బొంబాయి హైకోర్టు 2024 సెప్టెంబరులో దాన్ని రాజ్యాంగ విరుద్ధమన్నది. మన రాష్ట్రంలోనే 2007లో 938, 2019లో 2430 నంబరు జీవోలు, తప్పుడు వార్తలంటూ కేసులు పెట్టే అధికారాన్ని అధికారులకిచ్చి, పత్రికల మెడ మీద కత్తిలా వేలాడాయి. ప్రభుత్వాలు మారినా సోషల్ మీడియా పోస్టుల మీద అర్ధరాత్రి అరెస్టులు మాత్రం ఆగలేదు. తనను విమర్శించేవాణ్ణి అబద్ధాలకోరు అనడం ప్రతి ప్రభుత్వానికీ ఇష్టమైన పని. హింసకు పిలుపునిచ్చినవాణ్ణి, ఆడపిల్లల బొమ్మలు మార్చి పరువు తీసినవాణ్ణి శిక్షించడానికి ఉన్న చట్టాలు చాలు, వాటిని తన పర భేదం లేకుండా వాడితే. కంపెనీలను మాత్రం గట్టిగా అడగాలి. తెలుగులో వచ్చే ఫిర్యాదులను చూడటానికి తెలుగు తెలిసిన మనుషులను ఎంత మందిని పెట్టారో, ఎన్నికల సమయంలో ఎవరి డబ్బుతో ఏ ప్రకటన వేశారో బహిరంగంగా చెప్పమనాలి. ఫేస్‌బుక్, వాట్సాప్‌లను నడిపే మెటా సంస్థ 2025 జనవరిలో అమెరికాలో బయటి నిజనిర్ధారణ సంస్థల ఏర్పాటును ఎత్తివేస్తున్నట్టు ప్రకటించింది కాబట్టి, వారి దయ మీద ఆధారపడటం కుదరదని కూడా తేలిపోయింది.

అందుకని ఈ గ్రంథాలయం ముందు రెండు పనులు పెడుతున్నాను. మొదటిది, సాయంత్రం పూట ఇక్కడొక బల్ల. అనుమానం వచ్చిన సందేశాన్ని ఎవరైనా తెచ్చి చూపించవచ్చు. బల్ల దగ్గర కూర్చున్నవారు ఆ ఫొటో ఇంతకు ముందు ఎక్కడ వచ్చిందో ఇంటర్నెట్‌లో వెతుకుతారు, పత్రిక కత్తిరింపు అయితే ఆ రోజు సంచిక తీసి చూస్తారు, ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు తెలుగులో ప్రచురించే నిజనిర్ధారణలు చూస్తారు. నకిలీ వీడియో, ఆడియో అని అనుమానముంటే, తెలుగులో కూడా ఫిర్యాదులు తీసుకునే డీప్‌ఫేక్స్ అనాలిసిస్ యూనిట్‌కు పంపుతారు. తేలింది తేలినట్టు, తేలనిది తేలలేదని నోటీసు బోర్డు మీద రాస్తారు, కింద తమ పేరు రాస్తారు. పేరు రాయడం తప్పనిసరి. పంపినవారి పేరు మాత్రం ఎక్కడా రాయకూడదు. ఇంట్లో మామయ్య గారికి చెప్పవలసి వస్తే, గ్రూపులో కాకుండా విడిగా ఫోన్ చేసి, బోర్డు మీద ఇలా ఉన్నదండీ అని చెప్పండి. పెద్దరికం నిలిస్తే ఆయనే గ్రూపులో సరిదిద్దుతారు.

రెండోది, వచ్చే స్థానిక ఎన్నికలకు సంబంధించినది. పోలింగు ముగిసే సమయానికి 48 గంటల ముందే ప్రచారం ఆగిపోతుంది. నకిలీలు వదలడానికి అదే అదను. మన డివిజన్‌లో పోటీ చేసే ప్రతి పార్టీ నుంచి ఇద్దరు బాధ్యులైన మనుషులను ముందే ఇక్కడికి పిలుద్దాం. ఆ రెండు రోజుల్లో ప్రత్యర్థి మీద వచ్చినది నకిలీ అని తేలితే, అది తమకు లాభమైనా సరే, తమ గొంతుతో తమ పార్టీ గ్రూపుల్లో ఖండిస్తామని వారి చేత ఒప్పించి రాయించుకుందాం. ఒప్పుకోని పార్టీ పేరు కూడా బోర్డు మీద రాద్దాం. కార్యవర్గంతో ఈ సంగతి మాట్లాడాను, వారికి అభ్యంతరం లేదు. బల్ల దగ్గర వారానికొక పూట కూర్చోగలిగినవారు, ముఖ్యంగా వెనక కూర్చున్న విద్యార్థులు, వెళ్ళే ముందు కార్యదర్శి గారి దగ్గర పేర్లు రాయించండి. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగవచ్చు.